తలకిందుల లెక్కలు: కాంటా పక్కన షీట్ రాసేవారికి సలహాలు

వడ్లు కోతకొచ్చాయంటే కరీంనగర్ జిల్లాలో ఐకేపీ సెంటర్లు, సహకార సంఘాల కొనుగోలు సెంటర్లు తెరుచుకుంటాయి. ఇంచుమించు అదే కాలంలో ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకూ జిన్నింగ్ మిల్లులకూ పత్తి బండ్లు బారులు తీరతాయి. కాంటా ఎక్కిన ప్రతి బస్తా ఎక్కడో ఒక కంప్యూటర్‌లో ఒక వరుసగా మారుతుంది. చెల్లింపులు ప్రభుత్వ పోర్టల్ నుంచే జరుగుతాయి, నిజమే. కానీ మన ఊళ్లో ఇంకా ఎంతమందికి డబ్బులు పడలేదు, సన్నాలు ఎన్ని క్వింటాళ్లు, తేమ ఎక్కువుందని ఎన్ని బండ్లు వెనక్కి పోయాయి అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పేది గ్రామ సమాఖ్య లెక్కలు రాసే అమ్మాయి దగ్గరో, సొసైటీ గుమస్తా దగ్గరో ఉన్న ఎక్సెల్ షీటే.

ఆ జవాబుకు రెండు ఫార్ములాలు చాలు. పెట్టిన షరతుకు ఎన్ని సెల్స్ సరిపోయాయో చెప్పేది కౌంట్‌ఇఫ్. సరిపోయిన వరుసల్లోని అంకెలను కూడి చెప్పేది సమ్‌ఇఫ్. షరతులు ఒకటికి మించితే కౌంట్‌ఇఫ్స్, సమ్‌ఇఫ్స్ ఉన్నాయి. ఎక్సెల్‌లో ఇవి 2007 నుంచి ఉన్నాయి, గూగుల్ షీట్స్‌లోనూ లిబ్రెఆఫీస్‌లోనూ ఇవే పేర్లతో దొరుకుతాయి. ఇక్కడ తెలుగులో రాసిన ఫార్ములాలను, కాలమ్ పేర్లను కీబోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి.

నేర్చుకోవడం తేలికే. ప్రమాదమంతా వీటి మౌనంలో ఉంది. అడిగిన పేరు దొరకకపోతే ఈ ఫార్ములాలు దొరకలేదని చెప్పవు, సున్నా అని చెప్తాయి. సగం మందే దొరికితే ఆ సగాన్నే మొత్తంగా చూపిస్తాయి. లెక్క తప్పిందని ఎవరికీ తెలియదు, నష్టపోయిన రైతుకు తప్ప. షీట్ నీట్‌గా ఉండాలి, పేర్లు సరిదిద్దాలి, ఖాళీలు నింపాలి, ఎర్రర్లు కనపడకూడదు అని ఆఫీసుల్లో అందరూ చెప్పే మాటలు ఈ మౌనాన్ని ఇంకా పెంచుతాయి. కింద రాసిన సలహాలు వాటికి పూర్తిగా ఎదురు నడుస్తాయి. వినగానే తప్పనిపిస్తాయి. అయినా పాటించండి.

1. ఫార్ములాకంటే ముందు జవాబు రాయండి

ఐదు వందల వరుసల షీట్ ముందుంటే చెయ్యి నేరుగా ఫార్ములా మీదికి పోతుంది. ఆగండి. మొదటి ఇరవై వరుసలను వేలు పెట్టి లెక్కించండి. అందులో సన్నాలు ఎందరివి, అవి ఎన్ని క్వింటాళ్లు? ఆ రెండు అంకెలూ కాగితం మీద రాయండి. తర్వాత ఫార్ములాను ఆ ఇరవై వరుసల మీదే నడపండి. రెండూ కలిస్తేనే ఐదు వందలకు పెంచండి.

దీనికి గట్టి కారణముంది. సమ్‌ఇఫ్‌లో కూడాల్సిన కాలమ్ చివర్లో వస్తుంది, సమ్‌ఇఫ్స్‌లో అదే మొదట్లో వస్తుంది. ఒకటి అలవాటైన చెయ్యి రెండోదాంట్లో తడబడుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం వరుసలు జారడం. షరతు డి2 నుంచి డి500 వరకు చూస్తూ, కూడిక ఎఫ్3 నుంచి ఎఫ్501 వరకు పోతే పొడవు సమానమే కాబట్టి ఫార్ములా ఏ అభ్యంతరమూ చెప్పదు. కానీ ప్రతి రైతుకూ కింది వరుసలోని రైతు వడ్లు లెక్కకొస్తాయి. చేత్తో లెక్కించిన ఇరవై వరుసలే దీన్ని పట్టిస్తాయి.

పెద్ద చదువులు చదివినవారికీ ఈ కట్టుబాటు అవసరమే. ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ దేశాల అప్పుల మీద 2010లో రాసిన పత్రం ఎన్నో ప్రభుత్వాల ఖర్చుల కోతకు ఆధారమైంది. ఆ ఎక్సెల్ షీట్‌లో సగటు తీసిన సెల్స్ పరిధి ఐదు దేశాలను వదిలేసిందని 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి బయటపెట్టాడు. అతను చేసిందల్లా ఆ లెక్కను మళ్లీ మొదటినుంచి వేసి చూడడమే.

2. మొత్తం తర్వాత, ముందు మిగిలినవాళ్లు

పై ఆఫీసు అడిగేది మొత్తం. మీరు ముందు తీయాల్సింది ఏ షరతులోనూ పడకుండా మిగిలిపోయినవాళ్ల సంఖ్య.

పత్తినే తీసుకుందాం. భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోళ్లలో తేమ 8 శాతం వరకు ఉంటే పూర్తి మద్దతు ధర, 8 దాటి 12 వరకు ఉంటే పెరిగిన తేమను బట్టి ధరలో కోత, 12 దాటితే తిరస్కరణ. తేమ అంకెలు ఇ కాలమ్‌లో, రైతుల పేర్లు బి కాలమ్‌లో ఉంటే మూడు లెక్కలు తీస్తారు:

=కౌంట్‌ఇఫ్(ఇ2:ఇ500,"<=8")
=కౌంట్‌ఇఫ్స్(ఇ2:ఇ500,">8",ఇ2:ఇ500,"<=12")
=కౌంట్‌ఇఫ్(ఇ2:ఇ500,">12")

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నాలుగో లెక్క తీయండి. కౌంట్‌ఎ(బి2:బి500) ఎంతమంది రైతుల పేర్లున్నాయో చెప్తుంది. దాంట్లోంచి పై మూడు జవాబులూ తీసేయండి. మిగిలింది సున్నా కావాలి. ఏడు మిగిలితే ఆ ఏడుగురు షీట్‌లో ఉన్నారు కానీ మీ రిపోర్టులో లేరు. వెతకండి. ఒక సెల్‌లో "13 శాతం" అని మాటలతో రాసి ఉంటుంది. ఇంకోదాంట్లో అంకె మధ్య చుక్క రెండుసార్లు పడి ఉంటుంది. మరోచోట తేమ రాయడమే మరిచిపోయి ఉంటారు. మాటగా మారిన అంకెను ">12" అనే షరతు అసలు ముట్టుకోదు.

నాలుగో లెక్కకు కూడా చిక్కనిది ఒకటుంది. ఎవరైనా 13 పక్కన శాతం గుర్తు కొడితే ఎక్సెల్ దాన్ని 0.13గా దాచుకుంటుంది. 0.13 అంటే 8 కంటే తక్కువే కదా! తడి పత్తి వెళ్లి పొడి పత్తి లెక్కలో కూర్చుంటుంది. అందుకని =కౌంట్‌ఇఫ్(ఇ2:ఇ500,"<1") అని ఐదో లెక్క కూడా తీయండి. పత్తిలో ఒక శాతం కంటే తక్కువ తేమ ఉండదు, కాబట్టి ఇక్కడా సున్నాయే రావాలి.

వడ్లకు తేమ హద్దు 17 శాతం. ఒకరు "<17" అనీ ఇంకొకరు ">17" అనీ రాస్తే సరిగ్గా 17 వచ్చిన రైతు ఎటూ కాకుండా పోతాడు. హద్దు మీద నిలబడ్డవాళ్లు ఎటు చెందుతారో నిబంధనలో చూసి, సమానం గుర్తును ఒక వైపే, తప్పకుండా పెట్టండి.

3. పేర్లు సరిదిద్దకండి

ఒకే జిల్లాను మనవాళ్లు కొమురం భీం, కుమురం భీం, కుమ్రం భీం అని రాస్తారు. కొందరు ఆసిఫాబాద్ అని ఊరుకుంటారు. ఇటు కరీంనగర్, కరీమ్ నగర్. కౌంట్‌ఇఫ్‌కు ఇవన్నీ వేర్వేరు ఊళ్లు. పేరు చివర ఒక్క ఖాళీ స్థలం ఎక్కువ పడ్డా అది ఇంకో ఊరే.

"అన్నీ సరిదిద్దేయ్" అని సలహా ఇస్తారు. వినకండి. రైతు టోకెన్ మీద, పాస్‌బుక్ మీద, తక్‌పట్టీ మీద ఉన్న పేరు ఎలా ఉందో షీట్‌లో అలాగే ఉండాలి. రేపు తగాదా వస్తే కాగితాన్నీ షీట్‌నూ పక్కపక్కన పెట్టి చూడాల్సింది ఆ పేరుతోనే. పైగా ఒక్క దెబ్బలో పేర్లు మార్చే ఫైండ్ అండ్ రీప్లేస్ చాలా చేటు చేస్తుంది. ఆదిలాబాద్ జిల్లాలో గుడిహత్నూర్ ఉంది, బజార్‌హత్నూర్ కూడా ఉంది. ఎవరో గుడిహత్నూర్‌ను ఉత్త హత్నూర్ అని రాశారని, హత్నూర్ ఉన్న ప్రతిచోటా గుడిహత్నూర్ చేయమంటే బజార్‌హత్నూర్ రైతులందరూ లేని ఊరికి పోతారు. నక్షత్రం గుర్తు పెట్టి "*హత్నూర్" అని లెక్కించినా అంతే, రెండు మండలాలూ ఒకే కుప్పలో పడతాయి.

చేయాల్సింది ఇది. రాసిన పేరు పక్కన "లెక్క పేరు" అని ఇంకో కాలమ్ తెరవండి. వేరే షీట్‌లో రెండు కాలమ్‌ల పట్టిక పెట్టుకోండి: ఎడమ వైపు జనం రాసే రూపాలన్నీ, కుడి వైపు మీరు ఖాయం చేసుకున్న ఒక్క పేరు. వీలుకప్‌తో ఆ ఒక్క పేరును తెచ్చుకుని, లెక్కలన్నీ దాని మీదే నడపండి. వీలుకప్ చివర సున్నా పెట్టడం మరవకండి, పేరు అచ్చంగా కలిస్తేనే తెమ్మని అర్థం.

రకం పేర్లకూ ఇదే పద్ధతి. 2024 వానాకాలం నుంచి రాష్ట్ర ప్రభుత్వం సన్న వడ్లకు మద్దతు ధర మీద క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇస్తామన్నది. సెంటర్‌లో మొత్తం ఎంత బోనస్ రావాలో సరిచూడడానికి, రకం డి కాలమ్‌లో, క్వింటాళ్లు ఎఫ్ కాలమ్‌లో ఉంటే, =సమ్‌ఇఫ్స్(ఎఫ్2:ఎఫ్500,డి2:డి500,"సన్నాలు")*500 అని రాస్తారు. ఒక రైతు వరుసలో "సన్న రకం" అని ఉందనుకోండి. అతనివి 40 కిలోల బస్తాలు వంద, అంటే 40 క్వింటాళ్లు. 20,000 రూపాయలు మీ లెక్కలోంచి మాయమవుతాయి. డబ్బు పడలేదని అతను వచ్చి అడిగినప్పుడు, రావాల్సింది ఏమీ లేదని మీ షీట్ చూసి చెప్తారు. ఒక మాట తేడా మనిషిని అబద్ధాలకోరును చేస్తుంది.

4. ఎర్రర్‌ను దాచకండి

పట్టికలో లేని కొత్త రూపం వస్తే వీలుకప్ #ఎన్/ఎ అని చూపిస్తుంది. షీట్ అసహ్యంగా ఉందని దాన్ని ఇఫ్‌ఎర్రర్‌తో కప్పి ఖాళీయో సున్నాయో పెట్టేవారున్నారు. మౌనంగా ఉండే ఫార్ములాల మధ్య నోరు విప్పి చెప్పేది ఆ ఒక్క గుర్తే. "ఈ రైతు ఊరు నాకు తెలియదు, చూడు" అని చెప్తోంది. దాని నోరు మూయకండి. పేరును పట్టికలో చేర్చితే గుర్తు తనంతట తానే పోతుంది.

5. ఖాళీలు నింపకండి

"ఖాళీ సెల్ ఉండొద్దు, సున్నా కొట్టు" అనే మాట ప్రతి ఆఫీసులో వినిపిస్తుంది. సున్నా అంటే చూశాం, ఏమీ లేదు అని. ఖాళీ అంటే ఇంకా చూడలేదు అని. కాంటా కాని రైతుకూ, కాంటాలో వడ్లన్నీ తిరస్కరణకు గురైన రైతుకూ ఈ తేడా చాలా పెద్దది. కౌంట్‌ఇఫ్‌కూ ఈ తేడా తెలుసు: షరతు సున్నా అయితే ఖాళీ సెల్స్‌ను లెక్కపెట్టదు. సగటు తీసే యావరేజ్‌ఇఫ్ ఖాళీలను వదిలేస్తుంది కానీ మీరు కొట్టిన సున్నాలను కలుపుకుని సగటును కిందికి లాగుతుంది.

ఖాళీని ఖాళీగా ఉంచితే అది మీకు పని చేసిపెడుతుంది. కాంటా అయిన తేదీ ఎ కాలమ్‌లో, డబ్బు పడిన తేదీ జి కాలమ్‌లో ఉంటే:

=కౌంట్‌ఇఫ్స్(ఎ2:ఎ500,"<"&టుడే()-7,జి2:జి500,"")

కాంటా అయ్యి వారం దాటినా డబ్బు పడని రైతులు ఎందరో ఇది చెప్తుంది. షీట్ తెరిచిన ప్రతి ఉదయం ఆ రోజు తేదీని తానే తీసుకుంటుంది. జి కాలమ్‌లో ఎవరైనా గీతో, సున్నాయో, "రాలేదు" అనో నింపారా, ఆ రైతు ఈ లెక్కలోంచి జారిపోతాడు.

6. ఒక కాలమ్ చాలేచోట రెండు వాడండి

మన షీట్లలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఎకరాల చుక్క. రెండెకరాల ఇరవై గుంటలను 2.20 అని రాస్తాం. చదివే మనిషికి తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. అది వందలో ఇరవై అనుకుంటుంది. మనకు ఎకరమంటే నలభై గుంటలు.

ముప్పై తొమ్మిది గుంటల రైతులు ముగ్గురున్నారు. షీట్‌లో 0.39 మూడుసార్లు. కూడితే 1.17 వస్తుంది. ఎకరం పదిహేడు గుంటలని చదువుకుంటాం, చక్కగానే ఉంటుంది. అసలు లెక్క నూట పదిహేడు గుంటలు, అంటే రెండెకరాల ముప్పై ఏడు గుంటలు. మూడే వరుసల్లో ఎకరం ఇరవై గుంటలు పోయింది. 2018 మే 10న హుజూరాబాద్ మండలం శాలపల్లి–ఇందిరానగర్‌లో రైతుబంధు పెట్టుబడి సాయం మొదలైనప్పుడు ఎకరానికి పంటకు 4,000 రూపాయలు. ఆ లెక్కన చూసినా ఈ ముగ్గురి దగ్గర 6,000 తేడా. ఊరు మొత్తానికి ఎంతవుతుందో ఊహించండి.

షరతు పెట్టినా ఇదే గోల. రెండున్నర ఎకరాల లోపు రైతులెందరని "<=2.5" రాస్తే, రెండెకరాల ముప్పై గుంటలున్న రైతు 2.30గా అందులో దూరిపోతాడు. ఇంకో చిక్కు కూడా ఉంది. 2.20 కొడితే ఎక్సెల్ చివరి సున్నా తీసేసి 2.2 చూపిస్తుంది. చూసినవాళ్లు రెండెకరాల రెండు గుంటలనుకుంటారు.

అందుకే భూమి వివరాల షీట్‌లో ఎకరాలకు ఒక కాలమ్ (డి), గుంటలకు ఒక కాలమ్ (ఇ). మూడో కాలమ్‌లో అంతా గుంటల్లోకి మార్చండి: =డి2*40+ఇ2. కూడికలూ షరతులూ గుంటల మీదే పెట్టండి. రెండున్నర ఎకరాల లోపు అంటే "<=100". చివరికి వచ్చిన గుంటల మొత్తం హెచ్1లో ఉంటే ఎకరాలకు =ఇంట్(హెచ్1/40), మిగిలిన గుంటలకు =మాడ్(హెచ్1,40). గుంటల కాలమ్‌లో నలభై, ఆపైన ఉన్న అంకె ఉండకూడదు కాబట్టి =కౌంట్‌ఇఫ్(ఇ2:ఇ500,">=40") సున్నా కావాలి. పాత షీట్లలో చుక్కతో రాసినవి ఉంటే =ఇంట్(డి2)*40+రౌండ్((డి2-ఇంట్(డి2))*100,0) అని గుంటల్లోకి మార్చుకోవచ్చు.

7. నంబర్లను అంకెలుగా రాయకండి

పేరులో నంబరు ఉన్నంత మాత్రాన అది కూడే అంకె కాదు. సర్వే నంబర్లను ఎవరూ కూడరు. కొత్త షీట్‌లో సర్వే నంబరు 12/3 కొట్టి చూడండి, అది మార్చి 12 అయిపోతుంది. 145/2 మాత్రం అలాగే ఉంటుంది, ఎందుకంటే అలాంటి తేదీ లేదు. ఒకే కాలమ్‌లో కొన్ని నంబర్లు, కొన్ని తేదీలు. ఇక ఏ లెక్కా కుదరదు. శాస్త్రవేత్తలకూ ఈ బాధ తప్పలేదు: మార్చ్1 లాంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని 2020లో అంతర్జాతీయ నామకరణ సంఘం ఆ జన్యువుల పేర్లనే మార్చింది. మనం మన సర్వే నంబర్లు మార్చలేం. నంబర్లు కొట్టకముందే ఆ కాలమ్ ఫార్మాట్‌ను టెక్స్ట్‌గా పెట్టుకోవాలి. కొట్టాక పెడితే లాభం లేదు.

బ్యాంకు ఖాతాలది ఇంకో సంగతి. ఎక్సెల్ ఏ అంకెనైనా పదిహేను స్థానాల వరకే గుర్తుపెట్టుకుంటుంది, ఆపైన సున్నాలు పెడుతుంది. స్టేట్ బ్యాంకు ఖాతాలకు పదకొండు అంకెలే కాబట్టి ఇబ్బంది లేదు. పదహారు అంకెల ఖాతాలిచ్చే బ్యాంకులూ ఉన్నాయి. వాటిని టెక్స్ట్‌గానే రాసినా కౌంట్‌ఇఫ్ వాటిని అంకెలుగా మార్చుకుని పోల్చుతుంది. మొదటి పదిహేను అంకెలు ఒకటైన ఇద్దరు రైతులను ఒకే ఖాతా కింద జమకడుతుంది. ఒకే బ్రాంచిలో వరుసగా ఖాతాలు తెరిచిన ఊరివాళ్లకు ఇది సులభంగా జరుగుతుంది. ఖాతా నంబర్లు సి కాలమ్‌లో ఉంటే, డూప్లికేట్ అని ఒకరి పేరు కొట్టేసే ముందు =కౌంట్‌ఇఫ్(సి2:సి500,సి2&"*") అని నక్షత్రం చేర్చి లెక్కించండి. అప్పుడు అది మాటను మాటగానే చూస్తుంది.

8. షీట్‌ను అందంగా చేయకండి

ఊరికో షీట్, ఊరి పేరు పెద్ద అక్షరాల్లో మెర్జ్ చేసిన సెల్‌లో, డబ్బు పడినవారికి పచ్చ రంగు, పడనివారికి ఎరుపు, మధ్యమధ్య మొత్తాలు. చూడముచ్చటగా ఉంటుంది. లెక్కకు పనికిరాదు. కౌంట్‌ఇఫ్‌కు రంగు కనపడదు. మెర్జ్ చేసిన సెల్‌లో మొదటి వరుసకే ఊరి పేరుంటుంది, మిగతావి ఖాళీ. మధ్యలో వేసిన మొత్తాలు మళ్లీ కూడికలో కలిసి రెట్టింపవుతాయి.

కల్లంలో వడ్లు పోసినట్టు అన్ని ఊళ్లనూ ఒకే షీట్‌లో పోయండి. ఒక వరుసలో ఒక కాంటా. ఊరి పేరు ప్రతి వరుసలోనూ. రంగు బదులు "పడింది" అనే మాటో తేదీయో. సెల్‌లో అంకె పక్కన "క్వి." అని రాయకండి, ఆ సెల్‌ను సమ్‌ఇఫ్ కూడదు. అంకెలను మధ్యకు జరపకండి. ఎక్సెల్ నిజమైన అంకెను కుడికీ మాటను ఎడమకీ తనంతట తాను జరుపుతుంది. కుడివైపు కాలమ్‌లో ఒకటి ఎడమకు నిలబడితే అది అంకె వేషంలో ఉన్న మాట అని కంటికే తెలుస్తుంది. మధ్యకు జరిపితే ఆ ఆనవాలు పోతుంది.

ఫైల్‌ను పాత ఫార్మాట్‌లో దాచకండి. అందులో 65,536 వరుసలే పడతాయి. 2020 సెప్టెంబరు చివర్లో, అక్టోబరు మొదట్లో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు ఈ హద్దు వల్లనే లెక్కలోకి రాకుండా పోయాయి, వాళ్లతో దగ్గరగా మెలిగినవారిని సమయానికి హెచ్చరించలేకపోయారు. కొత్త ఫార్మాట్‌లో పది లక్షలకు పైగా వరుసలు పడతాయి. ఎన్ని పట్టినా, ఎన్ని రసీదులు చించారో అన్ని వరుసలున్నాయా అని ప్రతి సాయంత్రం సరిచూడండి.

9. నిబంధనను ఫార్ములాలో రాయకండి

ధరలూ హద్దులూ ఏటా మారతాయి. సాధారణ రకం వడ్ల మద్దతు ధర 2024–25లో 2,300 రూపాయలు, 2025–26లో 2,369. పొడవు పింజ పత్తిది 7,521 నుంచి 8,110కి పోయింది. ఈ అంకెలను ఫార్ములాల్లో దాచితే వచ్చే ఏడు ఎక్కడో ఒకచోట పాతది మిగిలిపోతుంది. "నిబంధనలు" అని ఒక షీట్ పెట్టి అన్నీ అక్కడ రాయండి, ఫార్ములా అక్కడే చూడాలి, తేమ హద్దు బి2లో ఉంటే ఇలా: =కౌంట్‌ఇఫ్(ఇ2:ఇ500,">"&నిబంధనలు!బి2). ఆ షీట్‌ను ప్రింట్ తీసి సెంటర్ గోడకు అంటించండి. ఏ హద్దుతో తన వడ్లు తీసుకున్నారో, ఏ ధర కట్టారో రైతు చదువుకుంటాడు.

10. పాత లెక్కలను నేటి పేరుతో అడగకండి

2016 అక్టోబరు 11న పాత ఆదిలాబాద్ జిల్లా నాలుగైంది: ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం ఆసిఫాబాద్. పాత కరీంనగర్‌లోంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు పుట్టాయి, హుస్నాబాద్ లాంటి ప్రాంతాలు సిద్దిపేటలో కలిశాయి. 2011 జనగణనలో ఆదిలాబాద్ జిల్లా జనాభా 27,41,239. అదే జనగణన అంకెలను నేటి జిల్లా హద్దులకు సర్దితే వచ్చేది ఏడు లక్షల పైచిలుకే. పదేళ్ల లెక్కల మీద "ఆదిలాబాద్" అని సమ్‌ఇఫ్ పెడితే 2016 తర్వాత పత్తి కుప్పకూలినట్టు కనపడుతుంది. కూలింది పత్తి కాదు, హద్దు. జిల్లా కాలమ్‌తో పోల్చడం మానేసి మండలాన్ని ఆధారం చేసుకోండి. ప్రతి మండలానికీ పాత జిల్లా, కొత్త జిల్లా అని రెండు కాలమ్‌లు పెడితే ఏ ప్రశ్నకైనా జవాబు దొరుకుతుంది.

11. షీట్‌లో చోటు లేనివారికి ముందు చోటు తెరవండి

ఇంతవరకూ చెప్పినవన్నీ వరుస ఉన్నవారి కోసం. వరుసే లేని మనిషిని ఏ ఫార్ములా లెక్కపెట్టదు. కౌలు రైతు పండించిన వడ్లు చాలాచోట్ల పట్టాదారు పేరు మీదే కాంటా ఎక్కుతాయి. షీట్‌లో కష్టపడ్డ మనిషి ఆనవాలు ఉండదు. వానకు ధాన్యం తడిసినప్పుడు, డబ్బు ఆలస్యమైనప్పుడు ఎవరి అప్పు పెరిగిందో ఆ షీట్ ఎప్పటికీ చెప్పలేదు. ఉట్నూర్, ఇంద్రవెల్లి వైపు పోడు భూములకు అటవీ హక్కుల పట్టాలున్న గోండు, కోలాం రైతుల కాగితాల్లో సర్వే నంబరు బదులు కంపార్ట్‌మెంట్ నంబరుండొచ్చు. "సర్వే నంబరు ఉన్నవారు" అని షరతు పెట్టిన మరుక్షణం వాళ్లు లెక్కలోంచి బయటికి పోతారు.

అందుకని ఎవరూ అడగకపోయినా రెండు కాలమ్‌లు తెరవండి: "సాగు చేసింది ఎవరు", "భూమి కాగితం ఏ రకం". పోర్టల్ ఆ వివరాలు అడగకపోవచ్చు, మీ షీట్ అడగాలి. మొదటిది కె కాలమ్ అనుకుందాం. =కౌంట్‌ఇఫ్(కె2:కె500,"కౌలు") అని ఒక్క ఫార్ములా రాస్తే మీ సెంటర్‌కు వచ్చిన ధాన్యంలో ఎన్ని కాంటాలు కౌలు రైతులవో గ్రామసభలో అంకెతో చెప్పగలుగుతారు. అంకె ఉంటే అడగొచ్చు.

ఇక రిపోర్టు పైకి పంపేటప్పుడు అలవాటుగా మొత్తం క్వింటాళ్లు మొదటి లైన్‌లో పెట్టకండి. డబ్బు పడనివారు ఎందరు, ఏ షరతులోనూ పడనివారు ఎందరు, కాంటాకు వచ్చి వెనక్కి పోయినవారు ఎందరు అన్నవి మొదటి మూడు లైన్లుగా రాయండి. వాటి కింద వాళ్ల పేర్లు రాయండి. మొత్తం క్వింటాళ్లు నాలుగో లైన్‌లో ఉన్నా ఎవరికీ నష్టం లేదు. ఆ మూడు లైన్లు లేకపోతే మాత్రం ఎవరో ఒక రైతు వచ్చే వానాకాలం విత్తనాలకు వడ్డీకి తెచ్చుకోవాల్సి వస్తుంది.